మూడో కంబం అడుగు

ఆ ఇనప నడవకి తుప్పు పట్టించడానికి ఆమెకి రెండు రోజులు పట్టింది. అసలు నడవకి ఎన్నేళ్లు పట్టిందో ఎవరూ చెప్పలేదు.

అసలుది ఓ పెద్ద ధాన్యం గిడ్డంగిలో, మూడు నిలువుల ఎత్తున, గింజలు మోసుకుపోయే రబ్బరు పట్టా పక్కనే ఉంటుంది. అందులో ఇరవయ్యో వంతు ఇప్పుడు ఆమె బల్ల మీద ఉంది. మూరెడు పొడవు నడవ, ఎక్కడానికి ఓ నిచ్చెన, పైన ఆవిరి గొట్టం, అంచున రెయిలింగు. రెయిలింగు కంబాలు ఒక్కోటి అగ్గిపుల్లంత. నిచ్చెన వైపు నుంచి మూడో కంబం అడుగున విరిగి, యంత్రాలకి గ్రీజు పెట్టే పనివాడొకడు నెల కిందట కిందికి పడ్డాడు. ప్రాణం పోలేదు గానీ నడుము కింద చాలా పోయింది. అతను రూలుకి విరుద్ధంగా రెయిలింగుకి గొలుసు కట్టి గ్రీజు డ్రమ్ము పైకి లాగాడనీ, ఆ బరువుకే గట్టి కంబం విరిగిందనీ కంపెనీ వాళ్లంటారు. ఊరికే చెయ్యి ఆనించానని అతనంటాడు. విచారణ జరుగుతోంది. ప్రమాదానికి ముందు రోజు నడవ ఎలా ఉండేదో చూపించే నమూనా కావాలని కంపెనీయే ఈ వర్క్‌షాపుకి పని ఇచ్చింది.

వర్క్‌షాపు బావగారిది. ఆమె భర్తకి అన్నగారాయన. ఓడలు, వంతెనలు, ఫ్యాక్టరీలు, ఏది చెప్పినా వెంట్రుకవాసి తేడా లేకుండా చిన్నది చేసి పెడతాడు. ఒక్కటే చిక్కు. ఆయన చేతిలోంచి వచ్చిన ఏ వస్తువైనా అప్పుడే పుట్టిన పిల్లలా తళతళలాడుతుంది. చూసినవాళ్లు బొమ్మ బాగుందంటారు, నిజంలా ఉందనరు. అది నిజంలా కనబడాలంటే మెట్ల కింద కిటికీ పక్కనున్న బల్ల మీదికి రావాలి. దానికి వయసు పెట్టేది ఆమె. అందుకే వర్క్‌షాపులో అందరికీ ఆమె తుప్పక్క. "దాని చేతికి కొత్త గిన్నె ఇవ్వకండే, సాయంత్రానికి చిల్లు పడుతుంది," అని పైన వంటింట్లో తోడికోడలు నవ్విస్తూ ఉంటుంది.

మొదటి ఫొటోలు ఏడు. ప్రమాదం జరిగిన వారంలో తీసినవి. వాటిని కిటికీ చువ్వలకి క్లిప్పులతో తగిలించుకుని ఆమె చాలాసేపు ఊరికే చూసింది. తుప్పు ఎలా పడితే అలా పట్టదు. నీళ్లు నిలిచిన చోట పుడుతుంది, నీళ్లు పారిన దారినే నడుస్తుంది. కొత్త తుప్పు నారింజ రంగులో పైపైన పొడిలా ఉంటుంది. ఏళ్లనాటిది నల్లబడి, పొరలు పొరలుగా లేచి, ముట్టుకుంటే రాలుతుంది. ఫొటోల్లో నిలబడి ఉన్న కంబాల అడుగున రెండూ ఉన్నాయి. విరిగిన మూడోది పక్కన పడి ఉంది. దాని అడుగు ఎలక కొరికిన రొట్టె ముక్కలా ఉంది.

ఆమె ముందు ముదురు గోధుమ రంగు చిన్న స్పాంజి ముక్కతో అద్దింది. అది తడిగా ఉండగానే కంబాల అడుగున ఉప్పు గింజలు నాలుగేసి అంటించింది. ఆరాక పైనంతా బూడిద రంగు స్ప్రే చేసింది. అదీ ఆరాక గట్టి బ్రష్షుతో ఉప్పుని రుద్దేస్తే, ఉప్పున్న చోట రంగు పెచ్చులుగా ఊడి లోపలి తుప్పు బయటపడింది. ఆ పెచ్చుల అంచుల్లోకి పల్చటి నూనె రంగు వదిలింది. వదిలిన చుక్క తనంతట తానే సందుల్లోకి పాకింది. చివరికి వెడల్పాటి బ్రష్షుని థిన్నర్‌లో తడిపి, పిండేసి, పైనుంచి కిందికి ఒక్కసారి లాగింది. చుక్క చారైంది. ఆ లాగడంలో ఆమె ఊపిరి బిగపడుతుంది. రెండోసారి లాగితే అది మరక కాదు, గీత.

మంగళవారం మధ్యాహ్నం కంపెనీ మేనేజరు చూడ్డానికి వచ్చాడు. మర్యాదస్థుడు. బూట్లు గుమ్మం బయట దులుపుకుని మరీ లోపలికొస్తాడు. నమూనా చుట్టూ ఒకసారి తిరిగి, "అద్భుతం," అన్నాడు. రెండోసారి తిరిగి ఏమీ అనలేదు. ఆ తర్వాత బావగారి భుజమ్మీద చెయ్యి వేసి గుమ్మం దాకా తీసుకెళ్లాడు. చేతిసంచీలోంచి ఇంకో కవరు తీశాడు.

బావగారు తిరిగొచ్చి ఆ కవరు ఆమె బల్ల మీద పెట్టాడు. ఆమె భర్త పక్క బల్ల దగ్గర ఈ నమూనాకే చెక్కపెట్టె చేస్తున్నాడు. మేకులు పళ్ల మధ్య పెట్టుకుని తల ఎత్తకుండా వింటున్నాడు.

"అమ్మాయ్, అవి పొరపాటున వచ్చిన ఫొటోలట. ఇవి అసలువి. రెయిలింగు మళ్లీ చెయ్యాలి."

ఆమె కవరు విప్పింది. అదే నడవ. కంబాలన్నీ కొత్త బూడిద రంగుతో మెరుస్తున్నాయి. మూడో కంబం కూడా నిలబడే ఉంది.

"ఇవి ప్రమాదం అయ్యాక రంగు వేయించినవి బావగారూ. మూడో కంబం కొత్తది. వెల్డింగు మచ్చ కూడా తాజాగా ఉంది, చూడండి."

"ముందు రోజు కూడా ఇలాగే ఉండేదట."

"వారం రోజుల్లో అంత తుప్పు ఏ ఇనుముకీ పట్టదు."

బావగారు కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "ఇనుము సంగతి నాకు చెప్పకు. మన చేతిలో ఉన్న పనుల్లో సగం వాళ్లవే. ఇది కాదంటే పైన పొయ్యి వెలగదు. మనకి ఇచ్చిన ఫొటో చూసి చెయ్యడమే మన పని."

మేనేజరు గుమ్మం దగ్గరే ఉన్నాడు. "కొత్తగా తళతళలాడకూడదు సుమండీ," అన్నాడు అక్కణ్ణించే, ఎంతో సౌమ్యంగా. "అలా చేస్తే ఎవరూ నమ్మరు. వాడినట్టు ఉండాలి. అరిగినట్టు ఉండకూడదు."

ఆ మాట ఆమెకి బాగా అర్థమైంది. 

ఏడు ఫొటోలూ కిటికీ చువ్వల నుంచి తీసి భర్తకి ఇచ్చింది. అతను వాటిని కవరులో పెట్టి, అంచులు సరిచేసి, మేనేజరు చేతికి అందించాడు. కారు వెళ్లిపోయాక ఆమె దగ్గరకొచ్చి మెల్లిగా అన్నాడు:

"అన్నయ్య అన్నీ ఆలోచించే చేస్తాడు."

"నేనేం అనలేదు కదండీ."

"అనబోతున్నావు."

ఆమె నడవ రేకు మీది తుప్పు మరకని తుడిచేసి, రెయిలింగుని ఊడదీసింది. పళ్లెంలో థిన్నర్ పోసి అందులో ముంచింది. పాత పళ్లబ్రష్షుతో రుద్దుతుంటే రెండు రోజుల పని గోధుమ రంగు మడ్డిగా అడుక్కి దిగింది. కింద బావగారు చేసిన ఇత్తడి బయటపడింది, పచ్చగా, ఏ పాపం ఎరగనట్టు.

ఆ ఇంట్లో పైకి వెళ్లాలన్నా, బయటికి వెళ్లాలన్నా వర్క్‌షాపులోంచే దారి. వంటింట్లోంచి మెట్లు దిగితే ఆమె బల్ల పక్కకే దిగుతాయి. వీధిలోకి పోవాలంటే బావగారి బల్ల దాటాలి. ఎక్కడికి అని ఎవరూ అడగరు. అడగనక్కర్లేదు, అందరికీ కనిపిస్తుంది. పన్నెండేళ్లుగా ఆమె పొద్దున దిగి సాయంత్రం ఎక్కుతోంది. బయటివాళ్లు వచ్చి, "ఆహా, ఆ మరక చూడండి, ఆ చార చూడండి!" అన్నప్పుడు బావగారు మీసం సవరించుకుని, "ముప్పై ఏళ్ల చెయ్యండీ," అంటాడు. ఆయన పేరు చెక్కిన ఇత్తడి పలకని ఆమె భర్త ప్రతి నమూనా అడుగునా బిగిస్తాడు. ఆమె మెట్ల కింద బ్రష్షులు కడుక్కుంటూ వింటుంది. మొదట్లో ఆ నీళ్ల చప్పుడు కాస్త పెంచేది. ఇప్పుడు అదీ లేదు.

బుధ, గురువారాలు ఆమె రెయిలింగు మళ్లీ చేసింది.

చేసిన తీరు చూస్తే పని ఇష్టం లేని మనిషి చేసిందనిపించదు. అదే ఆమె కర్మ. చెడగొడదామని కూర్చున్నా ఆమె చెయ్యి మాట వినదు. బూడిద రంగు వేసి, దాని మీద అదే రంగులో కాస్త తెలుపు కలిపి, పల్చగా, ఎండకి వెలిసినట్టు పైభాగాలకి మాత్రమే తగిలించింది. చేతులు ఆనే పై కమ్మీ మీద పెన్సిలు సీసం పొడి వేలితో రుద్దింది. వందల చేతులు పట్టుకు నడిచినట్టు అది నునుపు తేలింది. నిచ్చెన మొదటి మెట్టు అంచున రంగు అరిగి ఇనుము నిగనిగలాడేలా పొడి బ్రష్షుతో వెండి రంగు అంటీ అంటనట్టు లాగింది. గ్రీజు చుక్కలు మూడు వేసి, వాటి మీద ధాన్యం దుమ్ము పడి ఆరినట్టు లేత పసుపు పొడి చల్లింది. మూడో కంబం అడుగు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. ఏమీ పెట్టకపోతే అక్కడొక్క చోటే కొత్తగా కనబడి అనుమానం వస్తుంది. కాస్త దుమ్ము పెట్టింది. ఓ చిన్న గీత పెట్టింది, ఎవరి బూటో తగిలినట్టు.

ఎదురుగా పెట్టుకుని చూసుకుంది. పదేళ్లు పని చేసి, ఇంకో ఇరవై ఏళ్లు చెయ్యగల రెయిలింగు. ఎంత నిజంగా ఉందంటే, మొదటి ఫొటోలు తనకి కలలో కనిపించాయేమో అనిపించింది.

"ఇదీ పని!" అన్నాడు బావగారు వెనక నుంచి. నిజంగా మెచ్చుకున్నాడు. ఆమెకి సంతోషం వేసింది. వేసినందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది.

శుక్రవారం పొద్దున పదిన్నరకి విచారణాధికారి వచ్చింది. పొట్టిగా, బొద్దుగా ఉండే పెద్దావిడ. ముక్కు ఎర్రబడి ఉంది, చేతిలో రుమాలు. రంగు పొడుల వాసనకి గుమ్మంలోనే నాలుగు తుమ్ములు తుమ్మి, "నా మీద కోపమొద్దు, వారం నుంచీ ఇదే," అంది. వెనకే మేనేజరు. ఆ వెనక, చాలాసేపటికి, చంకకర్రల మీద ఓ మనిషి. ముప్పై దాటి ఉండవు. గుమ్మం ఎక్కడానికి ఒక కర్ర లోపల పెట్టి, ఆలోచించి, రెండోది పెట్టాడు. పడిపోయిన గ్రీజు పనివాడు అతనే. నమూనాని విచారణలో పెట్టేముందు రెండు పక్షాలూ చూసి అవునో కాదో చెప్పాలి.

ఆమె భర్త స్టూలు తెచ్చి వేశాడు. అతను కూర్చుని, గడ్డం బల్లకి ఆనేంత వంగి, నమూనాని కంటికి సమంగా చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదే," అన్నాడు. "ఇదే నడవ. ఇక్కడే నించున్నాను." వేలు మూడో కంబం మీదికి వెళ్లి, ముట్టుకోకుండా గాల్లో ఆగింది. "ఇంత బాగుండేదా ఇది?"

ఆ అడగడంలో కోపం లేదు. తనని తానే అడుక్కున్నట్టుంది.

"నీకెలా గుర్తుంది?" అంది అధికారి.

"అడుగున తినేసి ఉండేదని నాకు... ఏమోనమ్మా. తలకి కూడా దెబ్బ తగిలింది. మూడు రోజులు తెలివి లేదంట. పడ్డాక అలా అనిపించిందేమో." అతని చూపు నిచ్చెన మీదికి జరిగింది. మొహం ఒక్కసారి విచ్చుకుంది. "ఇదిగో, ఈ మొదటి మెట్టు! కాలు పెట్టి పెట్టి ఇలాగే నిగనిగలాడేది. ఇది కూడా పెట్టారే! గ్రీజు చుక్కలు కూడా. అవి నావే అయ్యుంటాయి." నవ్వబోయి ఆగిపోయాడు. "ఇవన్నీ ఇంత సరిగ్గా ఉన్నాయంటే మరి అదీ సరిగ్గానే ఉండుంటుంది. నేనే పొరబడ్డానేమో."

"మేం మొదటి నుంచీ చెప్పేది అదే," అన్నాడు మేనేజరు జాలిగా. "నువ్వు అబద్ధమాడావని కాదు. జ్ఞాపకం అలాంటిది."

అతను తలూపాడు. మంచివాడిలా, తప్పు ఒప్పుకున్న పిల్లాడిలా తలూపాడు.

మెట్ల కింద నిలబడ్డ ఆమె చేతిలో రంగు తుడుచుకునే గుడ్డ ఉంది. దాన్ని గట్టిగా మెలిపెట్టింది. మెట్టు అంచున ఆ మెరుపు ఎవరూ అడగలేదు. ఫొటోలో సరిగ్గా కనబడను కూడా లేదు. అక్కడ అలా ఉంటుందని తెలిసి, పని మీద ప్రేమతో తనే పెట్టింది. ఆ చిన్న నిజం పట్టుకుని ఆ మనిషి పెద్ద అబద్ధంలోకి నడిచి వెళ్లిపోతున్నాడు.

అధికారి సంచీలోంచి ఓ కాగితం తీసింది. "దీన్ని తయారుచేసినవాళ్లు సంతకం పెట్టాలి. నాకిచ్చిన ఆధారాల ప్రకారం, తెలిసినది ఏమీ దాచకుండా చేశానని. తప్పని తేలితే శిక్ష ఉంటుంది, కింద రాసుంది. చదువుకుని పెట్టండి."

బావగారు అలవాటుగా జేబులోంచి పెన్ను తీశాడు. మూత తీశాడు. కళ్లజోడు సర్దుకుని చదివాడు. మళ్లీ కింది నుంచి పైకి చదివాడు. పెన్ను మూత పెట్టేశాడు.

"కట్టింది నేనేనండీ," అన్నాడు. "రంగు పని మాత్రం నాది కాదు. మా మరదలిది. ఇలాంటివన్నీ మొదటి నుంచీ ఆవిడే చేస్తుంది. నాకసలు అందులో ప్రవేశమే లేదు."

పన్నెండేళ్లలో ఆ మాట ఆయన నోటి నుంచి రావడం ఇదే మొదలు. ఎన్నోసార్లు, ఎవరెవరి ముందో ఆ మాట అంటాడని ఆమె ఎదురుచూసింది. ఇలా అంటాడని అనుకోలేదు. భర్త చేతిలో సుత్తి బల్ల మీద ఆనిన చప్పుడు వినబడింది.

"మీరేనా?" అంది అధికారి, మెట్ల కిందికి చూస్తూ.

"అవునండీ. రంగు నాదే."

మాట బయటికొచ్చాక అది అంత తేలిగ్గా ఎలా వచ్చిందా అనిపించింది. ముందుకు వచ్చింది. పెన్ను అందుకుంది. కాగితం మీద చెయ్యి ఆనించి ఆగింది.

"మేడం, ఆధారాలు అన్నచోట ఏమని రాయాలి? మొదటిసారి ఇచ్చిన ఫొటోలా, రెండోసారి ఇచ్చినవా?"

 అధికారి తుమ్మబోయి ఆపుకుంది.

"రెండుసార్లు ఇచ్చారా?"

"మొదటివి పొరపాటు," అన్నాడు మేనేజరు. "వేరే చోటువి. వెనక్కి తీసుకున్నాం."

"అవెక్కడున్నాయి?"

"చూడాలి. బహుశా ఉండకపోవచ్చు."

అధికారి బావగారి వైపు తిరిగింది. "కొలతలకి మీరు గిడ్డంగికి వెళ్లారు కదా. ప్రమాదమైన వారంలోనే. అప్పుడెలా ఉంది?"

"కొలతలు తీసేవాడికి కొలతలే కనిపిస్తాయండీ," అన్నాడాయన గోడకేసి చూస్తూ. "రంగు నా దృష్టిలో పడదు."

"ఆ మొదటి ఫొటోలు ఈవిడ కాక ఇంకెవరైనా చూశారా?"

ఆమె భర్త వైపు చూడకూడదనుకుంది. చూసింది. అతను అరచేతిలో మేకులు పోసుకుని ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు, వంకరవి ఏరుతున్నట్టు. అవన్నీ కొత్త మేకులు.

"అయితే ఒక్క మనిషి జ్ఞాపకం," అంది అధికారి. ఓ నిమిషం ముక్కు తుడుచుకుంటూ నమూనాని చూసింది. "అమ్మా, మొదటి ఫొటోల్లో చూసింది చూసినట్టు ఇప్పుడు నా ఎదురుగా పెట్టగలరా? ఎంతసేపు పడుతుంది?"

"ఉప్పు పెట్టి చేస్తే రోజంతా. ఊరికే ఎక్కడెక్కడ ఎంతుందో చూపించడానికైతే అరగంట."

"ఇది పద్ధతి కాదు," అన్నాడు మేనేజరు.

"కాదు. కూర్చోండి."

ఆవిడ గ్రీజు పనివాణ్ణి స్టూలుతో సహా వీధి గుమ్మం వైపు తిప్పించి కూర్చోబెట్టింది. గోడకున్న నడవ గీత బొమ్మ నకలు ఒకటి, ఓ పెన్సిలు అతని ఒళ్లో పెట్టింది. "నీకు గుర్తున్నంత వరకు తుప్పు ఎక్కడెక్కడ ఉండేదో దిద్దు. వెనక్కి తిరక్కు. సరో కాదో అని ఆలోచించకు."

ఆమె బల్ల ముందు కూర్చుంది.  మొదటి కంబం అడుగున స్పాంజితో రెండు అద్దులు. రెండోదానికి లోపలివైపు. మూడోదాని దగ్గర నల్లటి గోధుమ రంగు తీసుకుని అడుగు చుట్టూ పూర్తిగా వేసి, దాని మీద నారింజ పొడి ఊదింది. బయటివైపు నడవ అంచు దిగేదాకా చార లాగింది. ఒక్కసారే. తర్వాత కళ్లు మూసుకుంది. నాలుగో ఫొటో. కంబం పక్కన నడవ రేకు మీద కూడా తుప్పు మరక ఉంది, పళ్లెమంత. దాని మధ్యలో ఏదో ఉంది. ఆ రోజు అది ఆమెకి అంతుపట్టలేదు. ఉన్నది ఉన్నట్టు దించడమే గనక దించేసింది. ఇప్పుడూ అంతుపట్టలేదు. రేకు మీద మరక వేసి, ఇయర్ బడ్‌ని థిన్నర్‌లో ముంచి, మరక నడిమధ్యన ఓ చోట గుండ్రంగా తుడిచేసింది. బటాణీ గింజలో సగం ఉంటుందేమో.

"అయిందండీ."

అధికారి పనివాడి ఒళ్లోంచి కాగితం తీసుకుని నమూనా పక్కన పెట్టింది. అతనివి పిల్లల గీతల్లా ఉన్నాయి. మొదటి కంబానికి కొంచెం. రెండోదానికి లోపలివైపు. మూడోదాన్ని అడుగంతా నల్లగా రుద్దేశాడు, కాగితం చిరిగేలా. దాని పక్కన నడవ మీద ఓ పెద్ద మరక, అందులో ఓ సున్నా.

"ఈ సున్నా ఏమిటి?"

"డబ్బా అండీ," అన్నాడు అతను వెనక్కి తిరక్కుండానే. "పైన ఆవిరి గొట్టం కారేది కదా, చుక్క చుక్కగా. రిపేరు చేయించమని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, పాత గ్రీజు డబ్బా ఒకటి అక్కడ పెట్టాను. డబ్బా నిండి పొర్లితే చుట్టూ తుప్పు పట్టేది. డబ్బా కింద మాత్రం బాగానే ఉండేది. డబ్బా సంగతి ఎవరికీ చెప్పలేదు, నన్నే తిడతారని."

"ఇటు తిరిగి చూడు."

అతను కర్రలు పట్టుకుని మెల్లిగా తిరిగాడు. నమూనా చూశాడు. మరక మధ్యలో తుడిచిన ఆ గుండ్రటి చోటు చూశాడు. తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. ఆమెకి అప్పుడు అర్థమైంది, తను దించింది ఏమిటో.

"నాకు పిచ్చి పట్టలేదన్నమాట," అన్నాడు అతను.

అధికారి చాలాసేపు రాసుకుంది. కాగితం మీద ఆమె చేత రెండుసార్ల ఫొటోల సంగతీ రాయించి సంతకం పెట్టించింది. నమూనాని అప్పటికప్పుడు చెక్కపెట్టెలో పెట్టించి, సీలు వేయించి తీసుకుంది. మేనేజరు చేతిసంచీ తీసుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. వెళ్లేముందు అధికారి గుమ్మంలో ఆగి, "ఇది సాక్ష్యంగా ఎంతవరకు నిలుస్తుందో నేను చెప్పలేను," అంది. ఎవరితోనూ ప్రత్యేకంగా అన్నట్టు లేదు. "ఇద్దరూ కూడబలుక్కున్నారని కంపెనీ వాళ్లంటారు. కాగితం మీద ఏదైనా ఉంటే రేపు పదకొండు లోపల మా ఆఫీసులో ఇవ్వండి." మళ్లీ తుమ్మింది.

మధ్యాహ్నం ఫోను మూడుసార్లు మోగింది. బావగారు మూడుసార్లూ "అలాగేనండీ" అని తప్ప ఇంకేమీ అనలేదు. కంపెనీ పనులన్నీ ఆగిపోయాయని అర్థం కావడానికి అది చాలు. వంటింట్లో తోడికోడలు గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టింది.

"ఆ ఒక్క మాట అనేముందు ఈ పైన ఎంతమందిమి ఉంటున్నామో ఒకసారి లెక్కేసుకోవాల్సింది."

"వేసుకున్నానక్కయ్యా," అంది ఆమె. నిజానికి వేసుకోలేదు. ఆ క్షణంలో ఎవరూ గుర్తు రాలేదు.

మెట్ల మీద భర్త ఎదురయ్యాడు. దారి ఇవ్వకుండా, అడ్డమూ నిలబడకుండా ఓ పక్కకి ఒదిగాడు.

"నాకు నోరు రాలేదు."

"తెలుసు."

"ఆ కవరు ఇచ్చింది నేనే."

"అదీ తెలుసండీ."

అతను ఇంకేదో అడుగుతుందేమోనని చూశాడు. ఆమె కిందికి దిగి బల్ల తుడుచుకుంది. చెయ్యడానికి పనేమీ లేదు, కడిగిన బ్రష్షులే మళ్లీ కడిగింది.

దీపాలు పెట్టే వేళకి బావగారు వచ్చాడు. ఎప్పుడూ నిలబడే మాట్లాడి వెళ్లే మనిషి, ఆమె బల్లకి ఇవతల స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఒళ్లో కొలతల పుస్తకం ఉంది. గిడ్డంగికి తీసుకెళ్లినది. ఓ పేజీ తెరిచి ఆమె ముందుకి తోశాడు.

వరసగా కంబాల కొలతలు. పొడవు, వెడల్పు, రేకు మందం. పైన తేదీ. మూడో కంబం దగ్గర అడుగు మందం అన్నచోట అంకె లేదు. ఆయన గుండ్రటి దస్తూరీలో ఇలా ఉంది: "తినేసింది. పరికరం ఆనడానికి లోహం లేదు. పక్కదాని కొలత వేసుకోవాలి."

ఆమె రెండుసార్లు చదివింది.

"చూశారన్నమాట."

"చేత్తో పట్టుకున్నాను. నా వేళ్ల మధ్యే పొడి రాలింది." ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది, కొలతలు చదివినట్టు. "ముప్పై ఏళ్లలో వేరేదాని కొలత ఎత్తి వెయ్యడం అదొక్కసారే. రాసుకోకుండా ఉండలేకపోయాను." పుస్తకాన్ని ఇంకా ఆమె వైపు జరిపాడు. "రేపు పదకొండు లోపల అంది కదా. పట్టుకెళ్లి ఇచ్చెయ్యి. బల్ల మీద దొరికిందని చెప్పు."

ఆమె పుస్తకం మూసింది. రెండు చేతులతో తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

"రంగు నాదని నేను చెప్పుకున్నాను బావగారూ. కొలతలు మీవి."

"నేను వెళితే వాళ్లింక మన గుమ్మం తొక్కరు."

"ఇప్పటికే తొక్కరు."

"ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడుగుతారు."

"అడుగుతారు."

ఆయన లేచాడు. పుస్తకం చంకలో పెట్టుకుని మెట్లెక్కాడు. ప్రతి మెట్టు మీదా ఆగుతున్నట్టు వినబడింది. ఆయన రేపు ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టవచ్చు. పెడితే తనేం చెయ్యగలదు? ఏమీ చెయ్యలేదు. ఆ ఇంట్లోనే, ఆ మెట్ల మీదే తిరగాలి. అది తెలిసే ఇచ్చేసింది. అయినా ఇచ్చినందుకు పశ్చాత్తాపం రాలేదు.

శనివారం పొద్దున ఆమె దిగేసరికే బావగారు వీధి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చంకలో పుస్తకం. గుమ్మం దాటడు, వెనక్కి రాడు.

"ఆ ఆఫీసు ఎటువైపు?" అన్నాడు. ఆ ఊళ్లో ఆయనకి తెలియని సందు లేదు.

ఆమె చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"నువ్వు కూడా రావచ్చుగా."

"నేను చెప్పాల్సింది చెప్పేశాను."

ఆయన తలూపాడు. గుమ్మం మీద ఓ చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు. అప్పుడు పెట్టెల బల్ల దగ్గర కుర్చీ జరిగింది. ఆమె భర్త చేతులకంటిన రంపపు పొట్టు దులుపుకుని, చెప్పులు వెతుక్కుని తొడుక్కున్నాడు. ఎడమది కుడికి వేసుకుని, సరిచేసుకున్నాడు.

"నేనొస్తానన్నయ్యా."

"నువ్వెందుకు?"

"ఆ కవరు ఇచ్చింది నేను. అందులో ఎన్నున్నాయో, ఏమున్నాయో చెప్పాలి." మాట తడబడింది గానీ ఆగలేదు. "నిన్ననే చెప్పాల్సింది."

అన్న తమ్ముడి వైపు చూశాడు. చాలా ఏళ్ల తర్వాత చూసినట్టు చూశాడు. పుస్తకం ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని గుమ్మం దిగాడు. తమ్ముడు వెనకే దిగి, రెండడుగులు గబగబా వేసి పక్కకి చేరాడు. 

ఆమె పైకి వెళ్లింది. తోడికోడలు పొయ్యి దగ్గరే ఉంది.

"కింద అడుగుల చప్పుడే లేదు. ఎక్కడికి పోయారు?"

"విచారణ ఆఫీసుకి. కొలతల పుస్తకం ఇవ్వడానికి. ఇద్దరూ."

తోడికోడలు చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఒక మాట వచ్చి వెనక్కి పోయింది, ఇంకో మాట వచ్చి అదీ పోయింది.

"ఖాళీ కడుపులతో వెళ్లారా?" అంది చివరికి.

"అవునక్కయ్యా."

"ఎప్పటికి వదులుతారో ఏమో." గరిట గిన్నెలో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, రెండు కంచాలు దించింది. "రా, కూర్చో. మనమైనా తిందాం."